ద పాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్ (1928 సినిమా)

ద పాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్ 1928లో విడుదలైన ఫ్రెంచి మూకీ చిత్రం. డెన్మార్కు దేశస్థుడైన కార్ల్ థియొడోర్ డ్రేయర్ దీనికి దర్శకుడు. ఫ్రాన్సు దేశం కోసం కత్తి పట్టి, మతభ్రష్టురాలన్న అభియోగంపై 1431లో సజీవంగా దహనం చేయబడిన జోన్ ఆఫ్ ఆర్క్ యొక్క విచారణ, మరణం ఈ చిత్రానికి ఇతివృత్తం. జోన్ పాత్రను రెనే ఫాల్కొనెట్టి అనే రంగస్థల నటి ధరించింది. విడుదలైనప్పుడు ఈ చిత్రం కత్తిరింపులకు, నిషేధానికి గురయింది, పెట్టిన డబ్బు తిరిగి రాబట్టలేకపోయింది. మూలప్రతి అగ్నికి ఆహుతి అయింది. అయినప్పటికీ ప్రపంచ సినిమా చరిత్రలోని అత్యుత్తమ చిత్రాలలో ఒకటిగా నేటికీ పరిగణింపబడుతున్నది. ఒక్క మాట కూడా వినిపించని చిత్రం ఇంతకాలం ప్రేక్షకులను కదిలించడానికి గల కారణాలను, దాని నిర్మాణ విశేషాలను, అది నశించి మళ్ళీ దొరికిన వైనాన్ని ఈ వ్యాసంలో చూడవచ్చును.

పేరు, అర్థం

చిత్రం పేరులోని "పాషన్" అన్న మాటకు ఇక్కడ అభిరుచి, మోహం అన్న అర్థాలు వర్తించవు. క్రైస్తవ సంప్రదాయంలో యేసుక్రీస్తు సిలువ వేయబడటానికి ముందు అనుభవించిన బాధలకు ఆ పేరు. తెలుగు క్రైస్తవులు దీనినే "శ్రమలు" అంటారు. ఈస్టరు పండుగకు ముందు పాటించే రోజులకు "శ్రమల దినాలు" అన్న పేరు ఇందువల్లనే వచ్చింది. కనుక ఈ చిత్రం పేరును "జోన్ శ్రమలు" అని తెలుగు చేసుకోవచ్చును. క్రీస్తు శ్రమలను తలపించే విధంగా జోన్ చివరి ఘడియలను చూపటం దర్శకుని ఉద్దేశం.

ఇంకొక మాట కూడా ఇక్కడ గమనించదగినది. మతవిశ్వాసం కోసం ప్రాణమిచ్చినవారిని తెలుగు క్రైస్తవులు "హతసాక్షి" అంటారు. ఆంగ్లంలో ఇందుకు వాడే "మార్టిర్" అన్న పదానికి మూలమైన గ్రీకు పదానికి "సాక్షి" అని అర్థం. గ్రీకు పదంలో లేని చావును చేర్చి, ఉన్న సాక్ష్యాన్ని వదలకుండా, రెండింటినీ ఒకే సమాసంలో నిలిపిన తెలుగు మాట ఇది. గోదావరి డెల్టాలో నరసాపురం కేంద్రంగా మిషనరీలు పనిచేశారు. ఆ ప్రాంతపు ప్రార్థనా మందిరాలలో ఈ మాట అందరికీ పరిచితమే. డ్రేయర్ చిత్రం యొక్క శక్తిని వివరించడానికి ఇంతకంటే తగిన మాట దొరకడం కష్టం. న్యాయస్థానంలో జోన్ ముద్దాయి. చిత్రంలో మాత్రం ఆమె సాక్షి. చూస్తున్నంతసేపూ ప్రేక్షకుడు కూడా ఆమెకు సాక్షి అవుతాడు.

చారిత్రక నేపథ్యం

జోన్ సుమారు 1412లో ఫ్రాన్సులోని దొంరెమి గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించింది. ఆ కాలంలో ఫ్రాన్సు, ఇంగ్లండు దేశాల నడుమ శతవర్ష యుద్ధం జరుగుతున్నది. దేవదూత అయిన మిఖాయేలు, మరికొందరు పునీతులు తనతో మాట్లాడుతున్నారనీ, ఫ్రాన్సును విడిపించమని ఆదేశిస్తున్నారనీ ఆమె చెప్పింది. 1429 మే నెలలో ఓర్లియాన్స్ నగర ముట్టడిని తొలగించడంలో సైన్యానికి ముందు నిలిచింది. అదే సంవత్సరం జూలైలో రీమ్స్ నగరంలో ఏడవ ఛార్లెస్ పట్టాభిషేకం జరగడానికి కారకురాలయింది.

1430 మే నెలలో కొంపియేన్ వద్ద ఆమె బర్గండీ సైనికులకు చిక్కింది. వారు ఆమెను డబ్బు తీసుకొని ఆంగ్లేయులకు అప్పగించారు. ఆంగ్లేయుల అధీనంలో ఉన్న రూఆన్ పట్టణంలో, బోవే బిషప్పు పియెర్ కోషోన్ అధ్యక్షతన 1431లో మత న్యాయస్థానం ఆమెను విచారించింది. ఎదుట కూర్చున్నవారు ధర్మశాస్త్ర పండితులు. ఆమెకు చదువు రాదు. మే 24న ఆమె భయపడి తన మాటలను వెనక్కు తీసుకుంటున్నట్లు అంగీకార పత్రంపై గుర్తు పెట్టింది. కొద్ది రోజులకే ఆ అంగీకారాన్ని తిరస్కరించింది. మే 30న రూఆన్ సంతవీధిలో ఆమెను దహనం చేశారు. అప్పటికి ఆమె వయస్సు సుమారు 19 సంవత్సరాలు.

1456లో జరిగిన పునర్విచారణలో ఆ తీర్పు చెల్లదని ప్రకటించారు. 1920 మే 16న పోపు 15వ బెనెడిక్టు ఆమెను పునీతురాలిగా ప్రకటించాడు. ఇందులో ఒక విశేషమున్నది. రోమన్ కాథలిక్ సంఘం ఆమెను "కన్య" అన్న వర్గంలో పునీతురాలిని చేసింది గాని "హతసాక్షి" అన్న వర్గంలో చేర్చలేదు. ఆమెను శిక్షించినది ఆ సంఘానికి చెందిన న్యాయస్థానమే. డ్రేయర్ చిత్రంలో మాత్రం చెరలో ఉన్న జోన్, దేవుడు తనకు వాగ్దానం చేసిన గొప్ప విజయం తన బలిదానమేననీ, తనకు రాబోయే విడుదల మరణమేననీ చెబుతుంది. సంఘం ఇవ్వని పేరును చిత్రం ఆమె నోటనే పలికించింది.

చిత్రకథ

విచారణ నాటి వ్రాతప్రతి పుటలను ఒక చేయి తిప్పుతూ ఉండగా చిత్రం ప్రారంభమవుతుంది. ఆ వ్రాతప్రతి పారిస్‌లోని ఫ్రెంచి శాసనసభ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నది. నెలల తరబడి సాగిన విచారణను డ్రేయర్ ఒకే దినంలో జరిగినట్లుగా కుదించాడు. యుద్ధాలు, పట్టాభిషేకం, బాల్యం ఏవీ ఇందులో కనిపించవు.

కాళ్ళకు సంకెళ్ళతో జోన్ న్యాయస్థానంలోకి వస్తుంది. వయస్సు అడిగితే వేళ్ళు లెక్కపెట్టి పందొమ్మిది అనుకుంటున్నానంటుంది. ప్రార్థన ఎవరు నేర్పారని అడిగితే, అమ్మ నేర్పిందని చెబుతూ కన్నీరు పెట్టుకుంటుంది. మిఖాయేలుకు రెక్కలున్నాయా, జుట్టు ఎట్లా ఉంది, పురుష వేషం ఎందుకు వేశావు వంటి ప్రశ్నలు వరుసగా వస్తాయి. లోయసెల్యూర్ అనే గురువు స్నేహితునివలె నటించి, రాజు వ్రాసినట్లుగా ఒక దొంగ ఉత్తరాన్ని ఆమెకు చూపుతాడు. చదువు రాని జోన్ దానిని నమ్ముతుంది.

చెరసాలలో ఆమె కిటికీ ఊచల నీడ నేలపై సిలువ ఆకారంలో పడటం చూసి ఊరట పొందుతుంది. ఆ నీడను లోయసెల్యూర్ పాదం కప్పివేస్తుంది. కావలివారు ఆమె నేసుకున్న గడ్డి కిరీటాన్ని ఆమె తలపై పెట్టి అపహాస్యం చేస్తారు. చిత్రహింసల గదిలోని ముళ్ళ చక్రాన్ని చూసి ఆమె స్పృహ తప్పుతుంది. జ్వరంతో పడి ఉన్నప్పుడు ప్రభు భోజనం తెచ్చి ముందుంచి, పత్రం మీద సంతకం పెడితేనే ఇస్తామంటారు. ఆమె పెట్టదు. తరువాత శ్మశానవాటిక వద్ద, ప్రాణభీతితో పత్రంపై గుర్తు పెడుతుంది. మరణశిక్ష యావజ్జీవ ఖైదుగా మారుతుంది. ఆమె తల గొరిగిస్తారు.

రాలిన జుట్టును ఊడ్చేటప్పుడు, దానితోపాటు ఆ గడ్డి కిరీటం కూడా ఊడ్చివేయబడటం జోన్ చూస్తుంది. చిత్రానికి కీలకమైన ఘట్టం ఇదే. తాను ప్రాణం కాపాడుకోవడానికి దేవుణ్ణి కాదన్నానని గ్రహించి, న్యాయమూర్తులను పిలిపించి అంగీకారాన్ని వెనక్కు తీసుకుంటుంది. చివరకు చితిపై మంటలు లేస్తుండగా, సానుభూతి గల మస్యూ అనే యువ గురువు ఆమెకు కనబడేలా సిలువను ఎత్తి పట్టుకుంటాడు. జనంలో ఒక తల్లి బిడ్డకు పాలిస్తూ ఉంటుంది. ఆకాశంలో పక్షులు ఎగురుతుంటాయి. పునీతురాలిని కాల్చివేశారని జనం తిరగబడతారు, సైనికులు వారిని చావగొడతారు. చిత్రం అంతటితో ముగుస్తుంది.

పాత్రధారులు

రెనే ఫాల్కొనెట్టి - జోన్
యూజీన్ సిల్వేన్ - బిషప్పు కోషోన్
ఆంద్రే బెర్లే - అభియోక్త దెస్తివే
మోరిస్ షుట్జ్ - లోయసెల్యూర్
ఆంటొనిన్ ఆర్తో - మస్యూ

వీరిలో ఆంటొనిన్ ఆర్తో తరువాతి కాలంలో నాటక సిద్ధాంతకర్తగా ప్రపంచ ప్రసిద్ధి పొందాడు.

నిర్మాణం

డ్రేయర్ 1889లో కోపెన్‌హాగెన్ నగరంలో జన్మించాడు. పసితనంలోనే కన్నతల్లికి దూరమై, దత్తత తీసుకున్నవారి ఇంట పెరిగాడు. ఫ్రాన్సుకు చెందిన సొసైటీ జెనెరాల్ దె ఫిలిం అనే సంస్థ చిత్రం తీయమని ఆయనను ఆహ్వానించింది. జోన్ పునీతురాలిగా ప్రకటింపబడి అప్పటికి కొద్ది సంవత్సరాలు మాత్రమే అయింది. ఫ్రాన్సు ప్రజలకు ఆమె మతపరంగానూ, దేశభక్తికి ప్రతీకగానూ పూజనీయురాలు. అటువంటి కథను కాథలిక్కు కాని విదేశీయుని చేతిలో పెట్టడాన్ని అక్కడి జాతీయవాదులు కొందరు తప్పుపట్టారు.

సంస్థవారు జోసెఫ్ దెల్తే అనే రచయిత గ్రంథపు హక్కులు కొన్నారు. డ్రేయర్ మాత్రం దానిని చాలావరకు ప్రక్కన పెట్టి, విచారణ నాటి వ్రాతపూర్వక వాఙ్మూలాలనే ఆధారం చేసుకున్నాడు. ఆ వాఙ్మూలాలను పరిష్కరించి ప్రచురించిన చరిత్రకారుడు పియెర్ షాంపియన్ ఈ చిత్రానికి సలహాదారు. ఛాయాగ్రహణం రుడాల్ఫ్ మాటే నిర్వహించాడు. కళా దర్శకులు హెర్మన్ వార్మ్, జాన్ ఉగో.

చిత్రీకరణ 1927లో పారిస్ పరిసరాలలో జరిగింది. కోట, ప్రాకారాలు, ప్రార్థనా మందిరం, ఇళ్ళు అన్నీ కలిపి చాలా పెద్ద సెట్టు నిర్మించారు. తెల్లని ఆకాశం ముందు గోడలు తేలిక బూడిద వన్నెలో కనబడటానికి వాటికి గులాబీ రంగు వేశారు. ఇంత ఖర్చుతో కట్టిన సెట్టు చిత్రంలో ఎక్కడా పూర్తిగా కనిపించదు. నిర్మాతలు దీనికి నొచ్చుకున్నారు. నటులు ఆ గోడల మధ్య నిజంగా ఉన్నామన్న భావన పొందితే అది వారి ముఖాలలో కనబడుతుందని డ్రేయర్ నమ్మకం. సన్నివేశాలను కూడా సాధ్యమైనంతవరకు కథాక్రమంలోనే తీశాడు.

కెమెరాను నేలకంటే దిగువన ఉంచి పైకి చూపడానికి సెట్టులో అనేకచోట్ల గోతులు తవ్వించాడు. పనివారు ఆయనను రంధ్రాలుండే గ్రుయేర్ జున్ను పేరుతో పిలిచి హాస్యమాడేవారని చెబుతారు.

ఫాల్కొనెట్టి నటన

ఫాల్కొనెట్టి 1892లో జన్మించింది. పారిస్ నాటకశాలలలో తేలికపాటి హాస్య నాటికలలో పేరు తెచ్చుకున్న నటి. డ్రేయర్ ఆమెను అటువంటి నాటకంలోనే చూశాడు. అలంకరణ తీసివేసిన తరువాత ఆమె ముఖంలో తనకు కావలసిన పల్లెపడుచు, తనకు కావలసిన వేదన రెండూ కనిపించాయని తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. తల గొరిగే సన్నివేశంలో ఆమె జుట్టును నిజంగానే తీసివేశారు. ఈ చిత్రం తరువాత ఆమె మరొక సినిమాలో నటించలేదు. 1946లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో మరణించింది. ఒకే ఒక్క పాత్రతో సినిమా చరిత్రలో శాశ్వత స్థానం సంపాదించుకున్న నటీమణి ఈమె.

చిత్రణలోని విశేషాలు

ఈ చిత్రంలో సుమారు 1500 షాట్లు ఉన్నాయి. వాటిలో అత్యధికం ముఖాలను దగ్గరగా చూపే క్లోజప్‌లు. అప్పటికి కొత్తగా వాడుకలోకి వచ్చిన పాంక్రోమాటిక్ ఫిలిం చర్మపు ఛాయలను సహజంగా పట్టుకోగలిగేది. దీనితో నటులకు రంగు పూయవలసిన అవసరం లేకపోయింది. న్యాయమూర్తుల ముఖాలపై ముడతలు, పులిపిరులు, చెమట, ప్రశ్న అడిగేటప్పుడు ఎగిరిపడే తుంపరలు కూడా తెరపై స్పష్టంగా కనిపిస్తాయి.

ఈ ముఖాల వెనుక చాలాచోట్ల ఖాళీ తెల్లని గోడ తప్ప మరేమీ ఉండదు. ఎవరు ఎవరికి ఎటు ప్రక్కన కూర్చున్నారో ప్రేక్షకునికి అంతుపట్టదు. గదిలో దిక్కులు తెలియని స్థితి జోన్‌ది కూడా. చుట్టూ ప్రశ్నలే గాని నిలదొక్కుకోవడానికి ఆధారం లేదు. న్యాయమూర్తులను తరచుగా క్రిందినుండి చూపడంతో వారు మీద పడబోతున్నట్లు కనిపిస్తారు.

మూకీ చిత్రంలో విచారణను చూపటం సాహసమే. విచారణ అంటే మాటలే కదా. జోన్ ఆయుధం కూడా ఆమె సమాధానమే. ఉదాహరణకు, నీవు దేవుని కృపలో ఉన్నావా అని అడుగుతారు. అవునంటే గర్వం, కాదంటే నేరాంగీకారం. లేకపోతే దేవుడు తనను అందులో ఉంచుగాక, ఉంటే అందులోనే నిలుపుగాక అన్న అర్థం వచ్చేట్లు ఆమె బదులిస్తుంది. వాఙ్మూలంలో ఉన్నదే ఇది. చిత్రంలో మొదట అడిగినవారి నోరు కదులుతుంది, తరువాత టైటిల్ కార్డుపై ప్రశ్న వస్తుంది, తరువాత జోన్ ముఖం కనిపిస్తుంది. ప్రశ్న ఆమెను తాకడం, ఆమె ఆలోచించడం, సమాధానం ఆమెలో పుట్టడం మనం చూస్తాము. చదివినప్పుడు చమత్కారంగా తోచే జవాబు, ఆ ముఖంలో చూసినప్పుడు ప్రాణంతో చెల్లించిన మాటగా తోస్తుంది.

శబ్దం లేకపోవడం ఇక్కడ లోటు కాలేదు. స్వరం ఉంటే అది ఏదో ఒక భాషకు, ఒక యాసకు, ఒక కాలపు నటనారీతికి చెంది ఉండేది. ముఖానికి అనువాదం అక్కరలేదు. టైటిల్ కార్డులను ఏ భాషలోకి మార్చుకున్నా చిత్రం మారదు. చిత్రం పాతబడకపోవడానికి ఇది ముఖ్య కారణమని చెప్పవచ్చును.

అందరూ ఏకగ్రీవంగా మెచ్చుకున్నారని మాత్రం అనుకోరాదు. హెచ్.డి. అన్న పొడి అక్షరాలతో ప్రసిద్ధురాలైన కవయిత్రి, చిత్రం యొక్క గొప్పదనాన్ని ఒప్పుకుంటూనే, అది ప్రేక్షకుణ్ణి నిర్దయగా నలిపివేస్తున్నదని ఆక్షేపించింది. ఒక యువతి బాధను అంత దగ్గరగా, అంతసేపు చూడమనడం న్యాయమేనా అన్న ప్రశ్న సమంజసమైనదే. దీనికి సమాధానం చిత్రంలోనే ఉన్నదనుకోవాలి. చుట్టూ ఉన్న పండితులలో చాలామంది ఆమెను చూస్తూ కూడా చూడనివారు. చూపు త్రిప్పుకోకుండా చూడటమే ప్రేక్షకుని వంతుకు వచ్చిన కర్తవ్యం.

కత్తిరింపులు, నిషేధం

చిత్రం మొట్టమొదట 1928 ఏప్రిల్ 21న కోపెన్‌హాగెన్‌లో ప్రదర్శింపబడింది. పారిస్‌లో అక్టోబరు వరకు విడుదల కాలేదు. అక్కడి ఆర్చిబిషప్పు, ప్రభుత్వ సెన్సారు అధికారులు కోరిన మేరకు డ్రేయర్ ప్రమేయం లేకుండా కొన్ని భాగాలు తొలగించారు. ఆంగ్ల సైనికులను క్రూరులుగా చూపినందుకు బ్రిటనులో చిత్రాన్ని కొంతకాలం నిషేధించారు. వ్యాపారపరంగా చిత్రం నష్టపోయింది. తనతో చేసుకున్న ఒప్పందాన్ని ఉల్లంఘించారని డ్రేయర్ నిర్మాణ సంస్థపై దావా వేసి 1931లో గెలిచాడు.

రెండు అగ్నిప్రమాదాలు, దొరికిన ప్రతి

1928 డిసెంబరు 6న బెర్లిన్‌లోని ఊఫా స్టూడియోలో జరిగిన అగ్నిప్రమాదంలో చిత్రం యొక్క నెగెటివు కాలిపోయింది. ఆ కాలపు ఫిలిం నైట్రేటుతో తయారయ్యేది. దానికి నిప్పు అంటుకుంటే ఆర్పడం దాదాపు అసాధ్యం. డ్రేయర్ నిరాశపడక, వాడకుండా మిగిలిన షాట్లను ఏరి, మొదటిదానికి దగ్గరగా ఉండేలా రెండవ ప్రతిని కూర్చాడు. 1929లో మరొక అగ్నిప్రమాదంలో ఆ నెగెటివు కూడా దగ్ధమయింది. అగ్నికి ఆహుతి అయిన యువతి కథకు రెండు పర్యాయాలు అదే గతి పట్టడం విచిత్రం.

ఆ తరువాత అర్ధ శతాబ్దం పాటు ప్రపంచం చూసినవి అతుకుల ప్రతులే. 1950ల ఆరంభంలో లో దూకా అనే ఆయన ఒక ప్రతికి బాఖ్ తదితరుల సంగీతం జతచేసి, టైటిల్ కార్డులు మార్చి విడుదల చేశాడు. డ్రేయరుకు అది నచ్చలేదు. తాను కూర్చిన మొదటి ప్రతి మళ్ళీ వెలుగు చూడటం తెలియకుండానే ఆయన 1968లో మరణించాడు.

1981లో నార్వే రాజధాని ఓస్లో దగ్గరనున్న డికెమార్క్ మానసిక చికిత్సాలయంలో, పనివారు వాడే ఒక చిన్న గదిలో కొన్ని ఫిలిం డబ్బాలు బయటపడ్డాయి. వాటిని నార్వే చలనచిత్ర సంస్థకు పంపారు. మూడేళ్ళ తరువాత పరిశీలించగా, అవి డెన్మార్కు సెన్సారు అనుమతి పొందిన, కత్తిరింపులకు గురికాని 1928 నాటి మూలప్రతి అని తేలింది. విలువ తెలిసి దాచినవారి వద్ద కాక, ఎవరూ పట్టించుకోని మూలన ఈ ప్రతి బ్రతికి ఉన్నది. నేడు మనం చూస్తున్న చిత్రం దీనినుండి వచ్చినదే.

తెలుగు ప్రేక్షకుల దృష్టిలో

ఈ చిత్రం తయారైన కాలానికే తెలుగువారు కూడా మూకీ చిత్రాలు తీస్తున్నారు. మచిలీపట్నంలో జన్మించిన రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాష్ 1921లో మద్రాసులో "భీష్మ ప్రతిజ్ఞ" నిర్మించారు. వారి వద్ద పనిచేసిన చిత్తజల్లు పుల్లయ్య 1920ల మధ్యలో స్వస్థలమైన కాకినాడలో "మార్కండేయ" అనే మూకీని తీశాడు. గోదావరి జిల్లాల గడ్డపై తయారైన తొలినాటి చిత్రాలలో ఇది ఒకటి. ఈయనే తరువాత "సతీ సావిత్రి" (1933), "లవకుశ" (1934) టాకీలకు దర్శకత్వం వహించాడు.

మార్కండేయుని కథ కూడా మృత్యువు ఎదుట నిలిచిన విశ్వాసపు కథే. యముడు పాశం విసిరినప్పుడు బాలుడు శివలింగాన్ని కౌగిలించుకుంటాడు, శివుడు ప్రత్యక్షమై రక్షిస్తాడు. తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" (1932) కథలో స్తంభం బ్రద్దలై నరసింహుడు వస్తాడు. మన భక్తి చిత్రాల సంప్రదాయంలో భక్తుని మొర ఆలకించి దేవుడు రావటమే పతాక సన్నివేశం. డ్రేయర్ చిత్రంలో ఏ స్తంభమూ పగలదు. మిఖాయేలు తెరపై ఒక్కసారి కూడా కనబడడు, అశరీరవాణి వినపడదు. ఆమె విన్న స్వరాలు నిజమా, భ్రమా అన్న దానిపై కూడా చిత్రం తీర్పు చెప్పదు. ఉన్నదంతా ఒక నీడ సిలువ, ఒక గడ్డి కిరీటం, ఒక ముఖం.

మహిమలు చూడటానికి అలవాటుపడిన ప్రేక్షకునికి ఇది మొదట వెలితిగా తోచవచ్చును. కాని ఇందులోనే చిత్రం యొక్క బలమున్నది. దేవుడు ప్రత్యక్షమైతే భక్తుని సాక్ష్యంతో ఇక పని లేదు, రుజువు కళ్ళ ఎదుటనే ఉంటుంది. ఆయన కనబడనప్పుడు, విశ్వసించిన మనిషి నిలబడటం ఒక్కటే సాక్ష్యం. అందువల్ల ఈ చిత్రం విశ్వాసులనూ, విశ్వాసం లేనివారినీ కూడా సమానంగా కదిలిస్తున్నది.

పుల్లయ్య "మార్కండేయ" గాని, "భీష్మ ప్రతిజ్ఞ" గాని నేడు చూడటానికి లభ్యం కావు. భారతదేశంలో తయారైన సుమారు 1300 మూకీలలో మిగిలినవి అతి స్వల్పం. జాతీయ చలనచిత్ర భాండాగారం పుణేలో 1964లో గాని ఏర్పడలేదు. అప్పటికే చాలా రీళ్ళు శిథిలమయ్యాయి, మరికొన్నింటిని అందులోని వెండి కోసం కరిగించివేశారు. కాకినాడ బాలుని ముఖం కెమెరా ముందు ఎట్లా ఉండేదో మనకు ఇక తెలియదు. ఒక చిత్రం చిరస్థాయిగా నిలిచిందంటే దర్శకుని ప్రతిభ ఒక్కటే చాలదు, ఎక్కడో ఒక ప్రతి నిలవాలి. పాత ఇళ్ళ అటకల మీద, మూతబడిన సినిమా హాళ్ళ గదులలో తుప్పుపట్టిన డబ్బాలు కనబడినప్పుడు, తూకానికి వేసే ముందు ఒకసారి తెలిసినవారికి చూపించడం మేలు.

ప్రభావం, గుర్తింపు

ఫ్రెంచి దర్శకుడు గొదార్ తీసిన "వివ్ర్ సా వీ" (1962) చిత్రంలో కథానాయిక సినిమా హాలులో కూర్చుని ఈ చిత్రం చూస్తూ, తెరపైని జోన్ వలెనే కన్నీరు కారుస్తుంది. అదే సంవత్సరం రాబర్ట్ బ్రెస్సన్ అవే వాఙ్మూలాల ఆధారంగా "జోన్ ఆఫ్ ఆర్క్ విచారణ" అనే చిత్రాన్ని పూర్తిగా భిన్నమైన, నిరాడంబరమైన పద్ధతిలో తీశాడు. అమెరికా సంగీతకారుడు రిచర్డ్ ఐన్‌హార్న్ ఈ చిత్రం ప్రేరణతో 1994లో "వాయిసెస్ ఆఫ్ లైట్" అనే సంగీత కృతిని రచించాడు.

బ్రిటనుకు చెందిన "సైట్ అండ్ సౌండ్" పత్రిక పదేళ్ళకొకసారి విమర్శకుల అభిప్రాయ సేకరణ జరుపుతుంది. 1952లో జరిగిన మొదటి ఎంపికలోనే ఈ చిత్రం మొదటి పదింటిలో చోటు సంపాదించింది. 2012లో తొమ్మిదవ స్థానంలో నిలిచింది. 2022లో 21వ స్థానం పొందింది. 1995లో వాటికన్ ప్రకటించిన 45 ముఖ్య చిత్రాల పట్టికలో మతసంబంధ విభాగంలో దీనికి స్థానం లభించింది. 1928లో ఒక ఆర్చిబిషప్పు అభ్యంతరంతో కత్తిరింపునకు గురైన చిత్రమే ఇది. జోన్‌ను శిక్షించిన సంఘమే తరువాత ఆమెను పునీతురాలిని చేసినట్లు, చిత్రం విషయంలోనూ జరిగిందనుకోవచ్చును.

చూడదలచినవారికి

ఓస్లో ప్రతి ఆధారంగా పునరుద్ధరించిన చిత్రం డిస్కుల రూపంలో లభిస్తున్నది. 1928 నాటి కృతి కావడంతో 2024 జనవరి 1 నుండి అమెరికాలో మూల చిత్రంపై కాపీహక్కులు ముగిశాయి. మూకీలను ఏ వేగంతో ప్రదర్శించాలన్న విషయంలో భేదాభిప్రాయాలున్నాయి. సెకనుకు 24 చట్రాల చొప్పున నడిపితే ఈ చిత్రం సుమారు 81 నిముషాలు, 20 చట్రాల చొప్పున నడిపితే సుమారు 97 నిముషాలు సాగుతుంది. నెమ్మదిగా నడిచే ప్రతిలో ముఖకవళికలు మరింత సహజంగా ఉంటాయి.

ఈ చిత్రానికి డ్రేయర్ శాశ్వతంగా ఒక సంగీతాన్ని నిర్ణయించలేదు. అందువల్ల వేర్వేరు సంగీత రచనలతో కూడిన ప్రతులు ఉన్నాయి. మొదటిసారి చూసేవారు వీలైతే శబ్దం పూర్తిగా తగ్గించి చూడటం మంచిది. మూకీల కాలంలో మన ప్రాంతాలలో తెర ప్రక్కన నిలబడి కథ చెప్పే వ్యాఖ్యాతలు ఉండేవారు. ఈ చిత్రానికి అటువంటి వ్యాఖ్యాత అవసరం రాదు. విచారణలో అడిగిన ప్రశ్నలు తెలిసి ఉంటే చాలును, తక్కినది ఆమె ముఖమే చెబుతుంది.